జానెడు గాలి

ఏడో బోరు క్యాంపు,
ఫిబ్రవరి 11

బాబాయికి,

మీకూ, ఈ ఉత్తరాన్ని మీ చెవిలో అరిచి వినిపిస్తున్న ఈల మావయ్యకీ నమస్కారాలు. కుడికన్ను కట్టు విప్పారా? ఫోనులో అడుగుదామంటే, నలభై ఏళ్లు గని ఫ్యాను పక్కన నిలబడ్డ మీ చెవులకి నేనొకటి అడిగితే ఇంకొకటి వినిపిస్తుంది. పోయినసారి కన్ను ఎలా ఉందంటే అన్నం తిన్నానన్నారు. అందుకే ఉత్తరం. మావయ్యా, కాస్త మెల్లగా చదవండి, వీధి మొత్తం వినక్కర్లేదు.

ఇక్కడ నా ఉద్యోగం నీళ్లు తోడటం. బొగ్గు పొరల్లోంచి గ్యాస్ తీస్తానని వచ్చిన జియాలజిస్టుని, అయిదు నెలలుగా ఏడు బోర్లలోంచి ఉప్పునీళ్లే తీస్తున్నాను. పద్ధతి ప్రకారం ఇందులో తప్పేమీ లేదు. బొగ్గు తన ఒంట్లో గ్యాస్‌ని దాచుకుంటుంది, చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి దాన్ని కదలనివ్వదు. నీళ్లు తోడేస్తే ఒత్తిడి తగ్గి గ్యాస్ తనంతట తానే బయటపడుతుంది. ఈ మాట క్యాంపు పక్కన గొర్రెలు మేపుకునే ఆయనకి మూడుసార్లు చెప్పాను. మూడోసారి ఆయన, "మీది గ్యాస్ ఆఫీసా, నీళ్ల ఆఫీసా తల్లీ? నీళ్లదైతే తియ్యటివి తియ్యండి, గొర్రెలు తాగుతాయి" అన్నాడు.

ఏడు బోర్ల గ్యాసూ కలిపితే ఒక్క టీకి సరిపోదు. పాలు పొంగేలోపే మంట ఆరిపోతుంది. మా డైరెక్టరు జూన్ ఆఖరు దాకా గడువిచ్చాడు. ఇంకొక్క బోరు వేసే అనుమతి మిగిలి ఉంది. అందులోనూ గ్యాస్ లేకపోతే రిగ్గు వెనక్కి పోతుంది, క్యాంపు మూసేస్తారు. నా గురించి బెంగ పెట్టుకోకండి, నన్ను ఇంకో చోటికి మారుస్తారు.

మీ చిట్టి

*

పెన్షనర్ల కాలనీ, మూడో వరుస, 11,
ఫిబ్రవరి 23

చిట్టితల్లికి బాబాయి దీవెనలు. చెప్పే నోరు నాది, రాసే చెయ్యి పన్నెండో నంబరు ఇంటివాడిది.

(రిటైర్డ్ ఓవర్‌మాన్ అని రాయమన్నాను, చెప్పనన్నాడు. కలం నా చేతిలో ఉంది కాబట్టి నేనే రాసుకున్నాను. – ఈల)

కుడికన్ను కట్టు విప్పారు. మనిషి వస్తే మనిషనీ, గోడ వస్తే గోడనీ తెలుస్తోంది. అక్షరాలు మాత్రం చీమలబారే. ఎడమకన్ను చలికాలం దాకా ముట్టుకోనన్నాడు డాక్టరు.

నీ ఉత్తరం వింటే నవ్వొచ్చింది తల్లీ. నలభై ఏళ్లు నేను గనిలోంచి తరిమి తరిమి కొట్టినదాన్ని నువ్వు కాళ్లావేళ్లా పడి రమ్మంటున్నావు. దీపం మంట మీద నీలి టోపీ కనిపిస్తే గ్యాస్ చేరిందని మాకు గుర్తు. అది కనపడగానే వీడు ఈల వేసి మనుషులందరినీ బయటికి తోలేసేవాడు. ఆ పేరు అలా స్థిరపడిపోయింది.

(ఆ టోపీ కనపడేది ఎప్పుడూ నేను ఓవర్‌మాన్‌గా పని చేయించిన పడమటి సెక్షన్లోనే. తూర్పు సెక్షన్ మాత్రం చల్లగా, హాయిగా ఉండేది. నేను తొమ్మిదేళ్లు ఈల వేశాను. "గ్యాస్‌ని అదుపు చేయడం చేతకాదు" అని కాగితం మీద రాసి, అసిస్టెంట్ మేనేజరు ఉద్యోగం ఇంకొకడికి ఇచ్చారు. ఇది మీ బాబాయి చెప్పింది కాదు, నా సొంత మాట. – ఈల)

ఇంతసేపు ఏం రాస్తున్నావని అడిగితే చుక్కలు పెడుతున్నానంటున్నాడు.

ఎండలు మొదలయ్యాయి. మధ్యాహ్నాలు మా ఇంట్లో చదరంగం. నాకున్నది ఒక్క టేబుల్ ఫ్యాను. అటూ ఇటూ తిరగడం అది ఎప్పుడో మానేసింది, ఎటు పెడితే అటే గాలి. నా వైపు పెట్టుకుంటాను, వీడు సణుగుతాడు. వెంటిలేషన్ ఆఫీసరుగా రిటైరయినవాణ్ని, గాలి నా డిపార్ట్‌మెంటని చెప్పాను. నీ బోర్ల సంగతి రాస్తూ ఉండు.

(గుర్రాన్ని ఏనుగని చెప్పి నడిపిస్తున్నాడు. కళ్లు కనపడక కాదు. – ఈల)

*

ఏడో బోరు క్యాంపు,
మార్చి 14

బాబాయికీ, ఈల మావయ్యకీ,

నిన్న డైరెక్టరు వచ్చి, గొడుగు కింద నిలబడి గంటసేపు ఉపన్యాసమిచ్చాడు. మనలాంటి దేశం గ్యాస్‌ని ఓడల్లో కొని తెచ్చుకుంటోందట. కాళ్ల కింద బొగ్గుంది, బొగ్గులో గ్యాస్ ఉంది, దాన్ని తీస్తే పాతికేళ్లు ఊళ్లూ ఫ్యాక్టరీలూ వెలుగుతాయట. అన్నం ఉడికాక చెప్పాల్సిన మాటని ఆయన ఎసరు పెట్టగానే చెప్తాడు.

అయినా పూర్తిగా కొట్టిపారేయలేను బాబాయ్. మీరు ఫ్యాన్లు పెట్టి ఆకాశంలోకి ఊదేసింది వృథాయే కదా. కాకపోతే ఒక్క బోరుతో అయ్యే పని కాదు, వందలు వేయాలి. ఒక్కోటీ కొంచెం కొంచెమే ఇస్తుంది. తోడిన ఉప్పునీళ్లని శుభ్రం చేసే ఏర్పాటు ముందే ఉండాలి, లేకపోతే గొర్రెలాయన చేత తిట్లు తప్పవు. అన్నిటికంటే ముందు సరైన చోట తవ్వాలి.

ఆ చోటు కోసమే మీ పాత గని రిజిస్టర్లు తెప్పించాం. పనులు ఆగిపోయిన చోట నుంచి రెండు వైపులా తాకని బొగ్గు ఉంది. మీ చేతిరాత చూడగానే నాకు ఇల్లు గుర్తొచ్చింది. రోజూ రెండు సెక్షన్ల గ్యాస్ శాతాలు, ఒక్క కొట్టివేత లేకుండా. పడమర ఎప్పుడూ ఎక్కువే, తూర్పు ఎప్పుడూ తక్కువే. అందుకే ఏడు బోర్లూ పడమర వైపే వేశారు. తూర్పు వైపు బొగ్గు నమూనా కూడా తీయలేదు. ఎనిమిదోది కూడా పడమరే. మావయ్యా, మీ సెక్షన్ పరువు ఇక మీ చేతుల్లోనే ఉంది.

మీ చిట్టి

*

పెన్షనర్ల కాలనీ, మూడో వరుస, 11,
ఏప్రిల్ 2

చిట్టితల్లికి,

ఎనిమిదోది తూర్పున వెయ్యి. ఎందుకని అడక్కు. నా మోకాలు చెప్తోంది.

(ఈయన మోకాలు వాన వస్తుందని కూడా చెప్తుంది. నిన్న అంతా ఎండే. – ఈల)

మోకాలు నచ్చకపోతే కల వచ్చిందనుకో. తూర్పున భూమిలోంచి పెద్ద మంట లేచినట్టు కల.

(అమ్మాయీ, పట్టించుకోకు. గనిలో గ్యాస్ ఎక్కడుందో నా కంటే తెలిసినవాడు లేడు. ఆ పడమట తొమ్మిదేళ్లు ఊపిరాడక చచ్చాను. ఈయన తూర్పు తూర్పని ఎందుకు అంటున్నాడో నాకు అర్థం కాలేదు. రాయనని కలం కింద పెడితే ఫ్యాను నా వైపు తిప్పాడు. మొదటిసారి. మనిషికి ఒంట్లో బాగుందా అని అనుమానంగా ఉంది. – ఈల)

ఇంకేం చెప్పను. తూర్పు.

బాబాయి

*

ఏడో బోరు క్యాంపు,
ఏప్రిల్ 20

బాబాయికీ, ఈల మావయ్యకీ,

ఇక్కడ అంతా మామూలే. ఒక కొత్త చొక్కా పంపుతున్నాను. బాబాయ్, దీన్ని గదిలో ఒక్కరే, తలుపు వేసుకుని తొడుక్కుని చూడండి. జేబు కుట్టు గట్టిగా ఉందో లేదో ముఖ్యంగా చూడండి. మావయ్యా, మీ కొలత తెలియక మీకు పంపలేదు, ఏమీ అనుకోవద్దు.

చిట్టి

[చొక్కా జేబులో, పేజీకి ఒక్క మాట చొప్పున, గుమ్మడికాయంత అక్షరాలతో]

బాబాయ్, అక్షరాలు కనపడుతున్నాయా?

రిజిస్టరులో శాతం పక్కన ఇంకో గడి ఉంది.

ఎంత గాలి పంపారో రాసే గడి.

మీ తొమ్మిదేళ్లూ అది ఖాళీ.

మీరు జీవితంలో గడి ఖాళీగా వదిలే మనిషి కాదు.

ఎన్ని నీళ్లు కలిపారో చెప్పకుండా పాలు పలచనంటే ఎలా?

మీకు ముందున్న ఆఫీసరు రోజుల్లో తూర్పున కూడా గ్యాస్ ఉంది.

గాలి పంచే తలుపు తూర్పుకి ఎంత తీశారు?

డైరెక్టరు ఖాళీ గడిని నమ్మడు. సంతకంతో కాగితం కావాలంటాడు.

నన్ను ఇంకో చోటికి మారుస్తారని రాశాను కదా. అది అబద్ధం.

*

పెన్షనర్ల కాలనీ,
మే 3

[సొంత చేత్తో, వంకర గీతలతో, పేజీకి ఒక్క మాట చొప్పున]

చిట్టీ

జానెడు

తొమ్మిదేళ్లు

వీడికి తెలీదు

నీ ఉత్తరాలు చదివేది వీడు

నా ఉత్తరాలు రాసేది వీడు

సంతకం పెట్టే కాగితం ఎవరితో రాయించను

వీడు తప్ప నాకు ఎవరున్నారే

చొక్కా బిగుతు

*

పెన్షనర్ల కాలనీ, మూడో వరుస, 11,
మే 19

చిట్టితల్లికి,

ఇవాళ వీణ్ని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. చెప్పింది చెప్పినట్టు రాయమనీ, మధ్యలో సొంత మాటలు దూర్చవద్దనీ ఒట్టు వేయించుకున్నాను. ఈ కాగితం మీ డైరెక్టరుకి చూపించు.

నేను వెంటిలేషన్ ఆఫీసరుగా ఉన్న తొమ్మిదేళ్లలో రిజిస్టరులో రాసిన గ్యాస్ శాతాలు నిజమైనవే. అబద్ధం అక్కడ లేదు. తూర్పు, పడమర సెక్షన్లకి గాలి పంచే చెక్క తలుపు దగ్గర ఉంది. చేరిన వారంలోనే దాన్ని తూర్పు వైపుకి జానెడు ఎక్కువ జరిపాను. పడమరకి వెళ్లాల్సిన గాలిలో సగం తూర్పుకి మళ్లింది. గ్యాస్ ఎక్కువున్నది తూర్పునే. గాలి దాన్ని కడిగేస్తూ ఉండబట్టి రిజిస్టరులో కనపడలేదు. పడమర గ్యాస్ కొద్దిగానే ఉంది. గాలి చాలక అక్కడే నిలిచిపోయి ఎక్కువగా కనపడింది. ఆ తలుపు సంగతి బయటపడుతుందని గాలి లెక్క గడి నింపలేదు.

(ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను. ఇక్కడ కలం ఆపి, మా ఇంటికి వెళ్లి మంచినీళ్లు తాగి, కాసేపు కూర్చుని వచ్చాను. ఈయన కదలకుండా అలాగే ఉన్నాడు. మిగతాది చెప్పమన్నాను.)

తూర్పున ఉన్నది ఉన్నట్టు రాస్తే ఆ సెక్షన్ మూసేసేవాళ్లు. డెబ్భై మంది ఇంటికి పోయేవాళ్లు. అందులో మా అన్నయ్య ఒకడు. అన్నయ్య ఉద్యోగం పోతే నీ చదువు ఆగిపోయేది. నువ్వు ఇవాళ బొగ్గులో గ్యాస్ వెతుకుతున్నావంటే ఆ జానెడు గాలి చలవే.

అలాగని నేను చేసింది మంచిపని కాదు. పడమర వాళ్లు తొమ్మిదేళ్లు చెమటలో తడిసి పనిచేశారు. పడమటి ఓవర్‌మాన్ చేతకానివాడు కాదు. ఆ గనిలో అతనికంటే జాగ్రత్తగల మనిషిని నేను చూడలేదు. అతను ఈల వేయబట్టే నేను చేసిన పనికి ఎవరి ప్రాణమూ పోలేదు. అతనికి రావలసిన ఉద్యోగం నా వల్ల రాలేదు. ఇది ఆ రోజే చెప్పాలి, భయమేసింది. తరవాత పక్కిల్లు తీసుకున్నాడు, రోజూ చదరంగం ఆడాం, ఇంకా భయమేసింది. ఇప్పుడు కూడా భయంగానే ఉంది.

ఇట్లు, రిటైర్డ్ వెంటిలేషన్ ఆఫీసరు

సాక్షి: రిటైర్డ్ ఓవర్‌మాన్, పడమటి సెక్షన్

(ఒక్క అక్షరం మార్చలేదు. "చేతకానివాడు కాదు" అన్న మాట కింద గీత గీయాలనిపించింది, గీయలేదు. అమ్మాయీ, కావాలంటే నువ్వు గీసుకో. ఫ్యాను తీసుకెళ్తున్నాను. మా ఇల్లు ఈ ఇంటికి పడమర.)

*

పెన్షనర్ల కాలనీ,
ఆగస్టు 2

[సొంత చేత్తో]

చిట్టీ

ఫ్యాను లేదు

చదరంగం లేదు

డెబ్భై అయిదు రోజులు

నువ్వయినా రాయి

పెద్దగా రాయి

*

ఎనిమిదో బోరు క్యాంపు, తూర్పు వైపు,
ఆగస్టు 24

బాబాయికి,

కావాలనే చిన్న అక్షరాలతో రాస్తున్నాను. భూతద్దం పెట్టినా మీకు కనపడవు. కవరు చింపకుండా పన్నెండో నంబరుకి తీసుకెళ్లి తలుపు కొట్టండి. మావయ్యా, తలుపు తీశారా? అయితే కింద రాసింది ఎప్పటిలాగే వీధి మొత్తానికి వినపడేలా చదవండి. ఈసారి మెల్లగా చదివితే ఒప్పుకోను.

మీరిద్దరూ సంతకం చేసిన కాగితాన్ని డైరెక్టరు మూడుసార్లు చదివాడు. "ఈ సాక్షి నష్టపోయిన మనిషేనా?" అని అడిగాడు. అవునన్నాను. "నష్టపోయినవాడే తన చేత్తో రాసి సంతకం పెట్టాడంటే ఇక నమ్మకపోవడానికి ఏముంది" అని ఎనిమిదో బోరు తూర్పుకి మార్చాడు. మావయ్యా, ఆయన నమ్మింది బాబాయి సంతకాన్ని కాదు, మీదాన్ని.

జూన్ 21న తూర్పు బొగ్గు నమూనా పైకి వచ్చింది. దాన్ని డబ్బాలో పెట్టి మూత బిగించి, వచ్చే గ్యాస్ కొలిచాం. పడమర బొగ్గు టన్నుకి మూడు ఘనపు మీటర్లు ఇచ్చింది. తూర్పుది పదకొండు. కొలిచే కుర్రది తప్పు చేసిందనుకుని నేనే మళ్లీ కొలిచాను. పదకొండే. క్యాంపు మూసే మాట పక్కనపెట్టి రెండేళ్లు పొడిగించారు, నన్నూ ఉంచారు. పంపు పెట్టిన నలభయ్యో రోజున గ్యాస్ వచ్చింది. మొన్న క్యాంపు వంటగదిలో దాని మీద టీ కాచాం. పాలు పొంగాయి, మంట ఆరలేదు. గొర్రెలాయనకి కూడా ఒక గ్లాసిచ్చాను. ఉప్పగా లేదు కదా అని ముందు వాసన చూసి మరీ తాగాడు.

డైరెక్టరు తనకి మొదటినుంచీ తూర్పు మీదే నమ్మకమని అందరికీ చెప్తున్నాడు. దేశం మొత్తం వెలిగిపోతుందని మళ్లీ గొడుగు కింద నిలబడ్డాడు. దేశం సంగతి తరవాత, ముందు ఇక్కడి నూట నలభై ఇళ్ల పొయ్యిలకి గొట్టాలు వేయమన్నాను. ఒప్పుకున్నాడు.

మావయ్యా, ఒక్క సంగతి. తొమ్మిదేళ్లు సగం గాలితో ఒక సెక్షన్ నడిపి, ఒక్క మనిషికి కూడా ప్రమాదం రానివ్వలేదు మీరు. ఈ మాట నేను మా రిపోర్టులో రాశాను. కింద గీత కూడా గీశాను.

మీ ఇద్దరి చిట్టి

*

పెన్షనర్ల కాలనీ, మూడో వరుస, 11,
సెప్టెంబరు 9

చిట్టితల్లికి బాబాయి దీవెనలు.

నీ అంత గడుసుది ఈ వంశంలో ఇంకొకతె లేదు. కవరు పట్టుకుని పన్నెండో నంబరు గుమ్మంలో పావుగంట నిలబడ్డాను. వీడు తలుపు తీసి, నా మొహం చూడకుండా కవరు మాత్రం లాక్కున్నాడు. కూర్చోమనలేదు. చదవడం మొదలుపెట్టాడు.

(కూర్చోమన్నాను. ఈయనకి వినపడలేదు. – ఈల)

మొదట గొణిగాడు. డైరెక్టరు మాట దగ్గర గొంతు పెరిగింది. పదకొండు ఘనపు మీటర్ల దగ్గర నాకు కూడా బాగా వినపడింది. నీ రిపోర్టు సంగతి వచ్చేసరికి వీధిలోకి నడిచి చదివాడు. ఎదురింటి పోస్ట్ మాస్టరు బయటికొచ్చి ఎవరైనా పోయారా అని అడిగాడు. "పోలేదు, నాకు చేతనవునని ఇప్పుడు తెలిసింది" అని చెప్పి మొదటినుంచీ మళ్లీ చదివాడు. నేను గోడ పట్టుకుని నిలబడ్డాను. ఆపరేషన్ కన్ను తడి కాకూడదని డాక్టరు చెప్పాడు. ఏం చేయను, కాలేదని అబద్ధం చెప్పను.

ఆ మర్నాడు వీడే ఫ్యాను తెచ్చి బల్ల మధ్యలో పెట్టాడు. గాలి ఇద్దరికీ సమంగా రావాలని జానతో కొలిచాడు. అక్కడ సుద్దతో గీత గీసి, దాన్ని దాటి జరిపితే రిజిస్టరులో రాస్తానన్నాడు. నిజంగానే ఒక రిజిస్టరు పెట్టాడు. ఎవరి వైపు ఎంత గాలో రాసే గడి ఉంది, రోజూ నింపుతున్నాడు. నేను వెంటిలేషన్ ఆఫీసరుగా చేసినన్నాళ్లూ నా మీద ఇంత గట్టి తనిఖీ ఎప్పుడూ లేదు.

పంపిన చొక్కా వీడికి సరిపోయింది. ఇచ్చేశాను. ఇక ఉంటాను తల్లీ, భోజనమైంది, నిద్ర ముంచుకొస్తోంది. వానలు పడుతున్నా ఉక్క వదలలేదు.

బాబాయి

(అమ్మాయీ, ఈ ముక్క ఈయనకి చదివి వినిపించను. మీ బాబాయి కుర్చీలోనే కళ్లు మూసుకుని పడుకున్నాడు. ఫ్యానుని గీత దాటించి నా వైపుకి జానెడు జరుపుకున్నాను. చప్పుడైంది. ఇవాళ్టి గడి ఖాళీగా వదిలేశాను. ఈయన కన్ను కొంచెం తెరిచి, ఫ్యాను వంక చూసి, మళ్లీ మూసుకుని గట్టిగా గురక పెడుతున్నాడు. నిజంగా నిద్రపోతే ఈయన గురక పెట్టడు. – ఈల)